ఒక్కడేగా!

మహారాజశ్రీ పాఠక మహాశయుల సముఖానికి, పుదుచ్చేరి పట్టణం లాస్‌పేటలో కాపురముంటూ, పుట్టుకవల్ల యానాం వాణ్ణీ, ఉద్యోగంవల్ల గుమాస్తానూ, దురదృష్టంవల్ల సముద్రమున్న ఊళ్ళో ఇల్లున్నవాణ్ణీ అయిన నేను సవినయంగా చేసుకునే విన్నపం ఏమనగా:

గడిచిన ఫిబ్రవరిలో మా అక్క కొడుకు పుదుచ్చేరికి ఒక్కడే వచ్చాడు. ఒక్కడే ఐదు రోజులున్నాడు. ఒక్కడే సముద్రంలో ఆడుకున్నాడు. ఒక్కడే తిరుగు బండెక్కాడు. వాడు అంత ఒంటరిగా ఉండటానికి పగలనక రాత్రనక పాటుపడినవాళ్ళం ఏడుగురం. ఫిర్యాదు ఇంతే. కానీ ఒక్క పేరాలో ముగిసిన అర్జీని పైవాళ్ళు చదివి చర్య తీసుకున్న ఉదంతం నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కటీ లేదు గనక, పూర్వాపరాలు జతచేస్తున్నాను.

ముందు నా సంగతి. యానాం వాడికి పుదుచ్చేరిలో ఉద్యోగమేమిటని గోదావరి అవతలి గట్టువాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఫ్రెంచివాళ్ళు మన తీరాల్లో ఎక్కడెక్కడ సరుకు దించుకున్నారో ఆ ముక్కల్లో చివరికి మిగిలిన నాలుగింటినీ 1954 నవంబరు 1న మన చేతికి అప్పజెప్పి వెళ్ళారు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళుల మధ్య. మాహే మలయాళీల మధ్య. మా యానాం తెలుగువాళ్ళ మధ్య, గోదావరి ఒడ్డున. నాలుగూ కలిపి ఒకే కేంద్రపాలిత ప్రాంతం. అందుకని మాకు బదిలీ అంటే పక్క మండలానికి పోవడం కాదు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దాటి, భాష మార్చుకుని, పప్పుచారు స్థానంలో సాంబారుతో రాజీపడి వచ్చి చేరడం. నేను వచ్చి పదకొండేళ్ళయింది. నా స్కూటరు మాత్రం ఇప్పటికీ పీవై 04, అంటే యానాం బండి. సిగ్నల్ దగ్గర పక్కవాడు ఆ నంబరు చూసి, ఇంత దూరం దీనిమీదే వచ్చావా అన్నట్టు నా మొహం చూస్తాడు.

యానాం వాణ్ణి గనక, మన ఊరికి వచ్చేవాళ్ళందరూ మనకోసం రారన్న జ్ఞానం నాకు పుట్టుకతోనే ఉంది. 1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలమీద శారదా చట్టం చేశారు. ఆ చట్టం ఫ్రెంచి గడ్డమీద చెల్లదు గనక, చుట్టుపక్కలవాళ్ళు పసిపిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వచ్చి మూడు ముళ్ళూ వేయించుకుని పోయేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది. ఆ తరవాతి తరాలు పన్ను తక్కువని సీసాలకోసం వచ్చాయి. ముహూర్తానికి వచ్చినవాళ్ళు గానీ, సీసాకి వచ్చినవాళ్ళు గానీ "మీరెలా ఉన్నారండీ" అని మావాళ్ళని అడిగినట్టు మా తాత చెప్పలేదు, మా నాన్నా చెప్పలేదు. పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు ఈ పీడ విరగడైందనుకున్నాను. ఇక్కడ సముద్రం ఉందన్న సంగతి మరిచిపోయాను.

అయినా కొన్నేళ్ళు మమ్మల్ని చెంగల్పట్టు కాపాడింది. కాచిగూడ నుంచి వచ్చే బండీ, కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్సూ అప్పట్లో అక్కడే ఆగిపోయేవి. అర్ధంతరంగా దిగి, సామాను మోసుకుని, మళ్ళీ బస్సెక్కాలంటే ఎంత దగ్గర చుట్టానికైనా ప్రేమ సగానికి పడిపోతుంది. ఇప్పుడా రెండు బండ్లూ పుదుచ్చేరి దాకా వస్తున్నాయి. ప్రజలకి ఎంతో సౌకర్యం. ఆ ప్రజలు దిగేది మాత్రం మా ఇంట్లో.

జనవరిలో సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, అబ్బాయి మీ ఊరొస్తాడట. ఆఫీసులో పని ఎక్కువై బుర్ర వేడెక్కిపోయిందట. నాలుగు రోజులు ఎవ్వరూ లేకుండా ఒంటరిగా ఉండాలంటున్నాడు."

"ఎవ్వరూ లేకుండానా? మరి మా ఇంట్లో మేమున్నాం కదే."

"మీరుంటే ఏమైందిరా? ఒక్కడేగా!"

ఆ 'ఒక్కడేగా' అనే మాటని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఇద్దరొస్తే పరుపు వెయ్యాలని చెబుతారు, నలుగురొస్తే ముందుగా ఉత్తరం రాస్తారు. ఒక్కడొస్తే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదని మన జాతి నమ్మకం. ఒక్కడంటే లెక్కలో సున్నా.

ఆ సాయంత్రం సున్నా స్వయంగా ఫోన్ చేశాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. సర్ఫింగ్ నేర్చుకుంటాడట. సర్ఫింగ్ అంటే తెలియనివాళ్ళకి మనవి: అల వచ్చేదాకా పలకమీద బోర్లా పడుకోవడం, వచ్చాక దానిమీద నిలబడటం, వెంటనే నీళ్ళలో పడటం. ఇందులో మూడోది గురువు లేకుండానే వస్తుంది. మొదటి రెండిటికీ డబ్బు కట్టాలి.

వాణ్ణి దారి మళ్ళించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. "విశాఖపట్నం వెళ్ళరా. రుషికొండ బీచ్‌కి 2020లోనే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అలలున్నాయి, నేర్పేవాళ్ళున్నారు. తెలుగులోనే మునగొచ్చు" అన్నాను.

"అక్కడ పెదనాన్నావాళ్ళున్నారు మావయ్యా. చుట్టాలుంటే సోలో ట్రిప్పు ఎలా అవుతుంది?"

"మరి మేమెవరంరా?"

కాసేపు నిశ్శబ్దం. "మీరు వేరు మావయ్యా. మీరు డిస్టర్బ్ చెయ్యరు."

ఇది మెచ్చుకోలో, అవమానమో మా ఆవిణ్ణి అడిగాను. "పరుపు ఎండలో వెయ్యండి" అంది.

చివరి అస్త్రంగా, "ఇప్పుడు కాదు, నవంబరులో రారా, రద్దీ తక్కువ" అన్నాను. రెండు నిమిషాల్లో వాడు తిరిగి ఫోన్ చేశాడు. ఈ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలట. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి, ఒక్క రోజులో 48 సెంటీమీటర్ల వాన కురిపించిందట. "మర్చిపోయారా మావయ్యా?" అన్నాడు. మర్చిపోలేదు నాయనా. ఆ రాత్రి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళలో నడిచినవాణ్ణి నేనే. గుర్తుండే చెప్పాను.

తరవాత వాడి ప్లాన్ వచ్చింది. ఎక్సెల్ షీటు. పైన పెద్దక్షరాల్లో 'నో ప్లాన్' అని శీర్షిక, కింద పద్నాలుగు వరసలు. ఏ ప్లానూ లేకుండా ఉండటానికి ఏ రోజు ఎన్ని గంటలకి ఏం చెయ్యకూడదో అందులో ఉంది. 'అలారం పెట్టుకోను' అన్నది మొదటి వరస. 'ఉదయం ఆరింటికి సర్ఫింగ్ క్లాసు' అన్నది రెండో వరస. ఈ రెండిటికీ పొత్తు ఎలా కుదురుతుందో నేను తెలుసుకునేసరికి నా ఫోన్లో నాలుగున్నరకి అలారం మోగుతోంది.

బండి దిగిన సాయంత్రం సముద్రం చూపించమన్నాడు. బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. సాయంత్రమైతే ఆ రోడ్డుమీద బండ్లు తిరగనివ్వరు. ఎర్ర టోపీ పెట్టుకున్న పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. స్కూటరు ఎక్కడో ఆపి నడిచాం. గాంధీ విగ్రహం, 1836 నాటి పాత దీపస్తంభం, సచివాలయం అన్నీ చూశాక వాడు అటూ ఇటూ చూసి అడిగాడు.

"బీచ్ ఏది మావయ్యా?"

"ఇదే."

"ఇవి రాళ్ళు కదా."

అవును, రాళ్ళే. ఊళ్ళో బీచ్ రోడ్డుకి ఉన్నంత పేరు ఇంక దేనికీ లేదు, దానికి లేనిదల్లా బీచ్. ఇదివరకు విశాలంగా ఇసుకే ఉండేదని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. మన తూర్పు తీరంలో అలలు ఏడాది పొడుగునా ఇసుకని మోస్తూనే ఉంటాయి. ఎక్కువ నెలలు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి. ఆదాయం, ఖర్చు చూసుకుంటే ఉత్తరపు పద్దే ఎక్కువ. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసేచోట రేవు కట్టి, అడ్డంగా రాతి గోడలు సముద్రంలోకి దింపారు. వచ్చే ఇసుక ఆ గోడ దగ్గరే ఆగిపోయింది. పోయే ఇసుక మాత్రం పోతూనే ఉంది. జీతం ఆగిపోయి అద్దె ఆగని సంసారంలాగా బీచ్ దివాలా తీసింది. సముద్రం రోడ్డెక్కకుండా బండరాళ్ళు పోశారు. తరవాత 2018-19 ప్రాంతంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు సచివాలయానికి ఎదురుగా నీళ్ళలో కృత్రిమమైన అడ్డు ఒకటి అమర్చాక కొంత ఇసుక తిరిగి చేరింది. ఇన్నేళ్ళు, ఇంతమంది ఇంజినీర్లు కష్టపడితే చేరిన ఇసుక అది. ఐదు రోజుల్లో మా మేనల్లుడు మా బాత్‌రూంలోకి తెచ్చిన ఇసుకతో దాన్ని పోల్చడం పాపమని తెలుసు. అయినా పోలిక మనసులోంచి పోవడం లేదు.

మరి సర్ఫింగ్ ఎక్కడా అంటే, ఊరికి ఉత్తరాన తందిరాయన్‌కుప్పం దగ్గర సెరినిటీ బీచ్ అని ఉంది. ఇసుకా ఉంది, అలలూ ఉన్నాయి, నేర్పేవాళ్ళూ ఉన్నారు. ఒక్కటే చిక్కు, అది పుదుచ్చేరిలో లేదు. కోట్టకుప్పం వచ్చిందంటే తమిళనాడు, విళుపురం జిల్లా. అంటే పుదుచ్చేరిలో సర్ఫింగ్ చెయ్యాలనుకున్నవాడు పుదుచ్చేరి నుంచి బయటికి పోవాలి. ఇది విని మావాడు నిరాశపడతాడేమోనని ఓదార్చాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీలు పారిస్‌లో జరగలేదు, పదిహేను వేల కిలోమీటర్ల అవతల తాహితి దీవిలో జరిపారు, ఫ్రెంచివాళ్ళకి ఒకచోటి పని ఇంకోచోట పెట్టడం అలవాటే, మా యానాం అందుకు సాక్షి అన్నాను. వాడు ఫోన్లో అల ఎత్తు, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూసుకుంటున్నాడు. వినలేదు.

ఇక దినచర్య. ఈ పుదుచ్చేరిలోనే ఫ్రెంచి గవర్నరు దూప్లెక్సు దొరగారి దుబాసీ ఆనందరంగపిళ్ళై 1736 నుంచి పాతికేళ్ళపాటు దినచర్య రాశాడు. తీరంలో ఏ ఓడ వచ్చింది, ఎవరు ఎవరికి ఏం ఇచ్చారు, ఎవరు ఎవర్ని మోసం చేశారు, అన్నీ అందులో ఉన్నాయి. నేనూ ఐదు రోజులు రాశాను. మచ్చుకి ఒక రోజు:

నాలుగున్నరకి లేచాను. నాలుగు ముప్పావుకి అతిథిని లేపాను. ఐదుకి మళ్ళీ లేపాను. ఐదుంబావుకి మా ఆవిడ లేపింది, లేచాడు. పొట్ట ఖాళీగా ఉంటేగానీ అల ఎక్కలేరట, కాబట్టి కాఫీ మాత్రమే. అల దిగాక పొట్ట ఖాళీగా ఉండకూడదట, కాబట్టి తిరిగొచ్చేసరికి పెసరట్లు. ముక్కుకీ బుగ్గలకీ ఎండ తగలకుండా తెల్లటి పూత దట్టంగా పూసుకుని గుమ్మం దాటాడు. ఎదురింటి పాట్టి, అంటే తమిళ బామ్మగారు, అది విభూతి అనుకుని, ఈ కాలంలో ఇంత భక్తిగల కుర్రాడా అని మురిసిపోయి, చేతిలో అరటిపండు పెట్టింది. పొట్ట ఖాళీగా ఉండాలి గనక ఆ పండు నేను తిన్నాను. ఐదు రోజుల్లో నాకు దక్కిన లాభం అదొక్కటే.

స్కూటరు వెనక వాడు, ముందు నేను, మధ్యలో తువ్వాళ్ళ సంచీ. పలకని అక్కడే అద్దెకిస్తారు గనక బతికిపోయాను. లేకపోతే ఎనిమిదడుగుల పలకని పీవై 04 మీద కట్టుకుని సరిహద్దు దాటాల్సి వచ్చేది. ఒడ్డున గంటన్నర కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే, ప్రతి పదిహేను నిమిషాలకీ అక్క ఫోన్.

"ఒరేయ్, కనిపిస్తున్నాడా?"

"కనిపిస్తున్నాడే."

"తల కనిపిస్తోందా?"

"కాళ్ళు కనిపిస్తున్నాయి."

"అయ్యో, తలేదిరా?"

"వస్తుందే, ఉండు. ఇదుగో వచ్చింది."

ఇలా రోజుకి ఆరుసార్లు. కాలికి తాడు కట్టుకుంటారు, పలక తేలుతుంది, పక్కన నేర్పేవాడు నడుంలోతు నీళ్ళలోనే ఉన్నాడని ఎంత చెప్పినా ఆవిడ మనసు తేలదు. "నేను ఫోన్ చేసినట్టు వాడికి చెప్పకు. డిస్టర్బ్ అవుతాడు" అని ముగిస్తుంది.

అక్కడ కూర్చున్న గంటన్నరలో నేను చూసిన సంగతి ఒకటి చెప్పాలి. కాస్త పక్కగా జాలర్లు వేటనుంచి తిరిగొస్తున్నారు. ఇప్పుడు ఫైబరు పడవలూ ఇంజన్లూ వచ్చాయిగానీ, వాళ్ళ తాతలు నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి దానిమీద నిలబడి ఇదే అల దాటారు. తమిళులు దాన్ని కట్టుమరం అన్నారు, ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి కాటమరాన్ అయింది. మనవాళ్ళు తెప్ప అన్నారు. వాళ్ళని ఎవరూ ఫొటో తియ్యలేదు, బుర్ర చల్లబడిందా అని అడగలేదు. అల దాటితే అన్నం, దాటకపోతే లేదు. అల దాటడమే బతుకుతెరువైన కులంలో పుట్టిన మూర్తి మేగవన్ అనే జాలరి చెన్నై దగ్గర కోవళంలో సర్ఫింగ్ బడి నడిపి, ఊరి కుర్రాళ్ళకి పలక చేతికిచ్చాడని తెలిసినప్పుడు ఆ న్యాయం నాకు నచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే మసూలా పడవలున్నాయి. ఈ తీరానికి రేవులు లేని కాలంలో ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఒడ్డుకీ ఓడకీ మధ్య విరిగే అలలు మామూలు పడవని ముక్కలు చేసేవి. అందుకని మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరినారతో కుట్టిన పడవలు చేశారు. అల కొడితే చెక్క వంగుతుంది గానీ పగలదు. అందులో దొరగారు ఒక్కరే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చుట్టూ తెడ్లు వేసేవాళ్ళు డజను మంది దాకా. దొరగారు స్వదేశానికి ఉత్తరం రాసేటప్పుడు, ఈ దేశపు అలని దాటాను అని ఏకవచనంలో రాసుకుని ఉంటారు. ఒకడు అలమీద షికారు చెయ్యాలంటే పదిమంది చేతులు బొబ్బలెక్కాలన్నది కోరమాండల్ తీరానికి కొత్త కాదని ఆ ఒడ్డున కూర్చుని గ్రహించాను. తెడ్డు వేసేవాళ్ళ వరసలో నా స్థానం కూడా తెలిసింది.

ఇంటికొచ్చాక రెండో అంకం. ఉప్పునీళ్ళలో తడిసిన బట్టలు మంచినీళ్ళలో రెండుసార్లు ముంచాలి, నీడలో ఆరెయ్యాలి. మోటారు రోజుకి రెండుసార్లు వెయ్యాలి. మధ్యాహ్నం వంజరం పులుసు. సాయంత్రం వాడు ఫ్రెంచి వీధుల్లో ఒంటరిగా కూర్చుని పుస్తకం చదవడానికి కాఫీ హోటలుకి వెళతాడు. అక్కడ ఒక పొరల రొట్టె తిని, దాని బిల్లు చూసి ఆకలి రెట్టింపై, రాత్రి ఇంటికి వచ్చి నాలుగు చపాతీలు తింటాడు. పడుకోబోయే ముందు హాల్లో సాధన. బోర్లా పడుకుని ఒక్క ఉదుటున లేచి నిలబడాలి. దానికి పాప్-అప్ అని పేరట. ఒక్కో పాప్-అప్‌కి కింద వాటా ఇంటాయన పైకి చూస్తాడు. మూడో రాత్రి ఆయన మేడెక్కి వచ్చి, ఇంట్లో దంపుడు బియ్యం వ్యాపారం ఏమైనా మొదలుపెట్టారా అని మర్యాదగానే అడిగాడు.

నాలుగో రోజున బాత్‌రూం తూము పూడిపోయింది. ప్లంబరు వచ్చి గుప్పెడు గుప్పెడుగా ఇసుక తీసి, "సార్, ఇల్లు కడుతున్నారా?" అన్నాడు. ఐదో రోజున స్కూటరు భాగాలన్నీ ఉప్పుగాలికి కిర్రుమంటే మెకానిక్కు దగ్గరికి తోసుకెళ్ళాను. లెక్క ఇప్పటికి సరిపోతుంది: నేను, అక్క, పాట్టి, కింద వాటా ఇంటాయన, నేర్పేవాడు, ప్లంబరు, మెకానిక్కు. ఏడుగురం.

ఈ లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. అప్పుడు ఎందుకనలేదో నాకు తట్టలేదు.

వెళ్ళే ముందు సాయంత్రం మావాడు ఒంటరితనం గురించి మాకు ఉపన్యాసమిచ్చాడు. పెసరట్టు తింటూ, "మనిషి ఒక్కడే ఉంటేనే తనని తాను తెలుసుకుంటాడత్తా. ఎవరిమీదా ఆధారపడకుండా నాలుగు రోజులు బతికి చూడాలి. అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. "అరవిందులు కూడా ఈ ఊరు అందుకే వచ్చారు కదా?"

నేను ఉత్సాహంగా, ఆయన 1910 ఏప్రిల్ 4న వచ్చారు, అప్పటికి రెండేళ్ళ ముందే సుబ్రహ్మణ్య భారతి వచ్చి ఇక్కడ తలదాచుకున్నాడు, ఇద్దరినీ బ్రిటిష్‌వాళ్ళు పట్టుకోలేని చోటు గనక ఇక్కడికి చేరారు అని చెప్పబోయాను. మా ఆవిడ పచ్చడి వేస్తూ అడ్డొచ్చింది.

"1926లో ఆయన పూర్తిగా ఏకాంతంలోకి వెళ్ళారు. ఆ రోజునుంచి ఆశ్రమం పెత్తనమంతా శ్రీమాత మీద పడింది. అంత మహానుభావుడు ఏకాంతంగా ఉండాలన్నా బయట తాళంచెవులు చూసుకునేవాళ్ళు ఒకరుండాలిరా."

వాడు బాగుందత్తా అని ఇంకో పెసరట్టు వేయించుకున్నాడు. నేనూ బాగుందన్నాను. నేనూ వేయించుకున్నాను.

వెళ్ళిన మర్నాడు వాడి ఫొటో అందరి ఫోన్లకీ వచ్చింది. పొద్దుటి ఎండ, అలమీద పలక, పలకమీద వాడు. నిజంగానే నిలబడ్డాడు. మూడు సెకన్లు. కింద 'నేనూ, సముద్రమూ. ఇంకెవ్వరూ లేరు' అని రాశాడు. నాలుగు వందల మంది మెచ్చుకున్నారు. ఆ ఫొటో తీసింది నేను. ఆఫీసు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక చేత్తో వాడి చెప్పులు, ఇంకో చేత్తో వాడి ఫోను, భుజాన నా ఫోన్లో అక్క కేకలు. అసలు ఫొటోలో కింద కుడిమూల నీళ్ళమీద నా నీడ పడింది. దాన్ని కత్తిరించాడు. ఆనందరంగపిళ్ళై ఆదరించినందుకు కస్తూరి రంగకవి ఏకంగా 'ఆనందరంగరాట్ఛందము' అని ఛందశ్శాస్త్రమే రాసి అంకితమిచ్చాడు. పుదుచ్చేరిలో ఒక గృహస్థు పేరు తెలుగు సాహిత్యంలో అలా నిలబడింది. నేను ఛందస్సు అడగలేదు. నీడ ఉంచితే చాలనుకున్నాను.

ఈ బాధంతా అర్జీగా రాస్తూ, పై ఏడుగురి జాబితా కింద సంతకాలు పెట్టించాలనిపించింది. మొదటి సంతకం మా ఆవిణ్ణే అడిగాను. కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది.

"ఇందులో నా పేరు లేదు" అంది.

చూశాను. లేదు. పెసరట్లున్నాయి, వంజరం పులుసుంది, చపాతీలున్నాయి, రెండుసార్లు ముంచిన బట్టలున్నాయి. అవి ఎవరు చేశారో రాయలేదు. వాడు నా నీడ కత్తిరించాడని ఐదు పేజీలు రాసినవాణ్ణి నేను.

"ఎనిమిదిగా దిద్దుతాను" అన్నాను.

"అక్కర్లేదు. నేను యానాం వెళ్తున్నాను" అంది. "సర్కార్‌లో టికెట్టు తీసుకున్నాను. ఒక్కదాన్నే. పదకొండేళ్ళుగా సముద్రమున్న ఊళ్ళో ఉన్నాను, ఇంకొకరి తువ్వాలు చేతిలో లేకుండా దాన్ని ఒక్కసారి చూడలేదు. గోదావరి గట్టున నాలుగు రోజులు ఉత్తినే కూర్చుంటాను."

"ఎప్పుడొస్తావ్?"

"ప్లానేమీ లేదు."

"మరి ఇక్కడ నా సంగతి?"

ఆవిడ సంచీ జిప్పు వేసింది. "మీకేం? మీరొక్కరేగా!"

అది జరిగి వారమైంది. ఇడ్లీ పిండి మూడో రోజుకే పులిసిపోయింది. మోటారు ఎన్నిసార్లు వెయ్యాలో ఎదురింటి పాట్టిని అడిగాను. చపాతీ పిండిలో నీళ్ళెన్నో అక్కని అడిగాను. కింద వాటా ఇంటాయన జాలిపడి ఒక రాత్రి రసం పంపాడు. ఒక్కడి బతుక్కి ఎంతమంది కావాలో నా చేత్తో నేనే మళ్ళీ లెక్క కడుతున్నాను. ఇంకా పూర్తికాలేదు.

కాబట్టి పాఠక మహాశయులకి తుది విన్నపం. పుదుచ్చేరి మంచి ఊరు, తప్పక రండి. ఈశాన్య రుతుపవనాలు వెళ్ళాక రండి. సర్ఫింగ్ నేర్చుకోండి, మూడు సెకన్లైనా నిలబడండి. ఒంటరిగా ఉండాలనుకునేవాళ్ళు దయచేసి గది తీసుకుని ఉండండి. ఫొటోలో ఎవరిదైనా నీడ పడితే ఉంచండి.

ఈ నెలాఖరులోపు వచ్చేవాళ్ళు మాత్రం నేరుగా మా ఇంటికే రావచ్చు. వంట వచ్చి ఉండాలి.